ఆకు తినే చప్పుడు

ఎనభైల మొదట్లో ఒక మార్చి నెలలో, హైదరాబాదులో పెద్దలు లెక్కలు చూసుకుని గుండెలు బాదుకున్నారు. ఖజానాలో అంత లోటు! పూడ్చాలంటే ఎవరి పొట్టో కొట్టాలి కదా. ఎవరి పొట్ట కొడితే గోల బయటికి రాదో వెతికితే మదనపల్లె, పుంగనూరు, కుప్పం దగ్గరి సర్కారు పట్టు ఫారాలు మూడు కనబడ్డాయి. నష్టాల్లో ఉన్నాయట, నెలాఖరుకు మూసెయ్యమన్నారు. ఆ పని లక్ష్మీపతి నెత్తిన పడింది. పాపం, ఆ శాఖలో చిన్న ఇన్‌స్పెక్టరు, పైవాళ్ళకు ఎదురు చెప్పిన పాపాన పోలేదు.

మదనపల్లెలో గుంట తవ్వించి, తట్టల్లోని పురుగుల్ని ఆకుతో సహా అందులో పోయించి సున్నం చల్లించాడు. మట్టి కప్పేదాకా అవి ఆకు తింటూనే ఉన్నాయి. పట్టుపురుగులన్నీ ఒక్కసారిగా ఆకు తింటుంటే పెంకుల మీద సన్నవాన పడుతున్నట్టే ఉంటుంది. వాన మొహం చూసి మూడేళ్ళయిన సీమలో ఆ చప్పుడు! పుంగనూరులోనూ అంతే చేశాడు. ఇక అది అతన్ని వదల్లేదు. బస్సులో కునుకు పడితే వాన, కళ్ళు తెరిస్తే ఎర్ర దుమ్ము. పలమనేరు దగ్గర పక్కసీటాయన్ని వాన పడుతోందా అని అడిగేశాడు కూడా. ఆయన ఎగాదిగా చూసి కాస్త జరిగి కూర్చున్నాడు.

కుప్పం ఫారంలో పురుగుల్ని సాకేది మునిరత్నమ్మ అనే పెద్దావిడ, ఆవిడతో మరో నలుగురు ఆడవాళ్ళు. వాళ్ళ రెండు నెలల కూలి ట్రెజరీలో ఆగిపోయింది. లోటు పూడ్చడంలో అదీ ఒక భాగమే మరి. అప్పుడు పురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. జ్వరమంటే జబ్బు కాదు, తోలు విడిచే ముందు మేత మాని, తల పైకెత్తి కదలకుండా ఉండిపోవడం. గదిలో చీమ చిటుక్కుమనడం లేదు. లక్ష్మీపతికి ప్రాణం లేచొచ్చింది.

"పొద్దు గూకేలోపల జ్వరం లేస్తాయప్పా," అంది మునిరత్నమ్మ. "ఇంక ఎనిమిది దినాలు మేతేస్తే గూడు కట్టేస్తాయి. సర్కారుకు అంత తొందర యాల?"

అతను పోస్టాఫీసుకు పోయి చిత్తూరుకు ఫోను చేసి, బతిమాలినంత పని చేశాడు. ఏప్రిల్ ఒకటి దాటితే ఇంకో నెల ఖర్చు పడుతుంది, నీ జీతంలోంచి కడతావా అని పై అధికారి ఫోను పెట్టేశాడు.

తిరిగొచ్చేసరికి పురుగులు లేచాయి. సన్నవాన మొదలైంది. లక్ష్మీపతి గడప దగ్గరే ఆగిపోయాడు. గుంట మాట ఎత్తడానికి నోరు రాలేదు. చివరికి పురుగుల్ని పూడ్చి పెట్టించానని రిపోర్టు రాసి సంతకం చేసి, తలుపుకు తాళం వేశాడు. వెనక కిటికీకి మాత్రం గడియ పెట్టలేదు. మునిరత్నమ్మ అది చూసింది.

పన్నెండు రోజుల తర్వాత సెలవు పెట్టి, సొంత ఖర్చుతో మళ్ళీ కుప్పం వచ్చాడు. కిటికీకి చెవి పెట్టాడు. ఏ చప్పుడూ లేదు. అన్నీ చచ్చిపోయాయనుకుని గబగబా తాళం తీశాడు. అతన్ని చూసి ఆడవాళ్ళతో వచ్చిన మునిరత్నమ్మ లోపలికి పోయి గోనెపట్టా తొలగించింది. పురుగుల్ని గూటికెక్కించే వెదురు చంద్రికల నిండా పసుపుపచ్చటి గూళ్ళు! గూడు కట్టే పురుగు మేత మానేస్తుందన్న సంగతి ఆ కంగారులో మరిచేపోయాడు. కిటికీలోంచి తమలో లావుపాటి కృష్ణమ్మను లోపలికి తొయ్యడానికి పడ్డ అవస్థ చెప్పి ఆడవాళ్ళు నవ్వుతున్నారు.

అతను మాత్రం నీళ్ళు నమిలాడు. ఇవి సర్కారు సొత్తనీ, అమ్మిన సొమ్ము ట్రెజరీలో కట్టాలనీ గొణిగాడు.

మునిరత్నమ్మ అతన్ని జాలిగా చూసింది. "సర్కారు పురుగుల్ని పూడ్చేసినామని నువ్వే రాసిస్తివి కదప్పా. పూడ్చిన పురుగులు గూడు కడతాయా? ఇవి మేము సాకినవి. మా రెండు నెలల కూలి."

లక్ష్మీపతికి నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. మదనపల్లె గుంట, పుంగనూరు గుంట కళ్ళముందు కదిలాయి. ముక్కు తుడుచుకుని, తనూ ఒక గంప నెత్తికెత్తుకుని వాళ్ళ వెంట సంతకు నడిచాడు.

తిరుగు బస్సు ఎక్కగానే నిద్రపోయాడు. వాన పడలేదు.