యాభై ఒకటి దగ్గర తప్పు

ఎల్లారెడ్డి ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పే అన్వరి బేగంకు మనుషుల మీద పెద్దగా గురి లేదు. తెలియనిది తెలిసినట్టు మాట్లాడేవాళ్లంటే మరీ చులకన. 1983లో కామారెడ్డి నుంచి బదిలీ మీద వచ్చిన మార్కండేయను మొదటి వారంలోనే ఆ కోవలో చేర్చేసింది.

మార్కండేయ పిల్లలకు ఒక ఆట నేర్పాడు. ఒక సంఖ్య తీసుకోవాలి. దాన్ని శేషం లేకుండా భాగించే సంఖ్యలు, అంటే భాజకాలు, ఎన్నున్నాయో లెక్కపెట్టి దానికే కలపాలి. వచ్చినదానికి మళ్లీ అంతే. ఒకటితో మొదలుపెడితే రెండు, నాలుగు, ఏడు, తొమ్మిది, పన్నెండు... అలా పోతూనే ఉంటుంది. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఎక్కడో ఒకచోట ఈ ఒకటి వరసలోనే కలుస్తుందని స్టాఫ్‌రూంలో చెప్పుకునేవాడు.

"రుజువు ఏది?" అంది అన్వరి.

"చేసి చూసిన మేడం. అన్నీ కలుస్తున్నయి."

"చూసుడు వేరు, రుజువు వేరు. గింత గూడ తెల్వనోళ్లు లెక్కల సార్లయిండ్రు." చాయ్ కప్పు తీసుకుని మరోవైపు తిరిగి కూర్చుంది.

ఆ చలికాలం కామారెడ్డిలో లెక్కల టీచర్ల మీటింగు జరిగింది. మార్కండేయ ఒకటి వరసను బోర్డు పైభాగాన రాసి తన ఆట గురించి చెబుతున్నాడు. "ఇరవై ఏడుతోని చేసి చూపియ్యుండ్రి," అంది అన్వరి ముందు వరసలోంచి. ఇంట్లో దాన్ని నలభై అయిదు దాకా లాగి, కలవకపోయేసరికి సంబరపడి వదిలేసింది మరి.

అతను రాసుకుంటూ పోయాడు. నలభై అయిదు తర్వాత యాభై ఒకటి వచ్చింది. అక్కడ తడబడ్డాడు. అది ప్రధాన సంఖ్య అనుకుని రెండే కలిపి, యాభై మూడు రాశాడు.

అన్వరి లేచింది. "పదిహేడు మూళ్లు ఎంత సార్?"

హాల్లో నవ్వారు. మార్కండేయ చెవులు ఎర్రబడ్డాయి. ఆమె వెళ్లి అతని చేతిలోని చాక్‌పీసు తీసుకుంది. "మా ఆరో తరగతి పిల్ల గూడ గిట్ల రాయదు," అంటూ యాభై మూడును కొట్టేసి, నాలుగు కలిపి యాభై అయిదు రాసింది.

డోంగ్లి నుంచి వచ్చిన కిష్టయ్య అనే ముసలి టీచరు వెనక నుంచి నిదానంగా అన్నాడు. "యాభై మూడుకు రెండు కలిపినా యాభై అయిదే గద మేడం."

ఆమె బోర్డు వైపే తిరిగి రాసుకుంటూ పోయింది. యాభై తొమ్మిది, అరవై ఒకటి, అరవై మూడు, అరవై తొమ్మిది, డెబ్బై మూడు. చెయ్యి ఆగిపోయింది. పైన, ఒకటి వరసలో, డెబ్బై మూడు ఉంది.

"కలిసింది," అన్నాడు మార్కండేయ.

"తప్పుతొవ్వల పోయినా అది మిమ్మల్ని ఊరికి చేర్చింది. అండ్ల మీ గొప్ప ఏం లేదు."

"మీది గూడ లేదు మేడం."

తిరుగు బస్సులో ఆమె ముందు, అతను వెనక కూర్చున్నారు.

మూడేళ్లకు అతనికి బీబీపేట బదిలీ అయింది. పోయే రోజు వరండాలో ఎదురుపడి, "కలవని సంఖ్య ఏమన్న దొరికిందా మేడం?" అని అడిగాడు.

"గా పిల్లల ఆటకు నాకు తీరిక ఏడుంది?" అంది ఆమె.

మొన్నటి ఆదివారం పొద్దంతా ఆ పనిమీదే కూర్చుంది. ఒక్కటీ దొరకలేదు. ఆ మాట మింగేసి, నమస్తే కూడా చెప్పకుండా క్లాసులోకి వెళ్లిపోయింది.