వలతాడు కట్టిన లెక్కలు

ఎండుచేపల చిలకమ్మకి కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. బేరం మధ్యలో చేపని వాసన చూసి మూతి తిప్పితే చాలు, నర్సీపట్నం సంత మొత్తం వినేలా ఏడు తరాలూ దులిపేస్తుంది. అయితే ఆ కోపం నోటి వరకే. అరవాల్సినంతా అరిచి, చివర్లో గుప్పెడు నెత్తళ్ళు కొసరు కూడా వేస్తుంది. ఆ ఆదివారం వచ్చిన కోపం అలాంటిది కాదు. ఆ రోజు ఎదుటి మనిషి ముందు ఆవిడ గొంతు పెంచనే లేదు.

చిలకమ్మది సముద్రం ఒడ్డు పల్లె. పదేళ్ళ కిందట నర్సీపట్నం వచ్చి, బజారు వెనక ఒక గది అద్దెకి తీసుకుని వ్యాపారం పెట్టుకుంది. కొడుకు పరదేశి ఇక్కడే కాలేజీలో బీయస్సీ. వాళ్ళ పల్లెలో హైస్కూలు దాటినవాడే లేడు, వీడు బీయస్సీ దాకా వచ్చాడు. ఎనభై రెండు మార్చిలో అన్ని పరీక్షలూ గట్టెక్కాడు గానీ ఫిజిక్సు ఒక్కటీ పోయింది. సెప్టెంబరులో మళ్ళీ రాయాలి. అప్పుడూ పోతే ఇక చదువు లేదు, మేనమామ గంగులు పడవెక్కి వేటకి పోవడమే.

కాలేజీలో ఫిజిక్సు చెప్పే రమణబాబు గారు ఇంటి దగ్గర ట్యూషన్ నడుపుతారు. ఆ వేళల్లో పరదేశి తల్లికి సాయంగా కొట్లో ఉండాలి. అందుకని చిలకమ్మే వెళ్ళి బతిమాలుకుంది.

"మా ఓడు ఇంటికాడ లెక్కలు సేసి ఇత్తాడు బాబూ. తప్పెక్కడుందో ఓ గీత ఎట్టి సెప్పండి, అంతే సాలు."

మేష్టారు సరేనన్నారు. ఒకరి చేత ఊరికే పని చేయించుకోవడం చిలకమ్మ ఒంట్లో లేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఒక చేతిలో ఎండురొయ్యల పొట్లం, ఇంకో చేతిలో లెక్కల కట్ట పట్టుకెళ్ళి మేష్టారి అరుగు మీద పెట్టి, దండం పెట్టి వచ్చేది.

ఆ కట్టకి కట్టింది వలతాడు, వేసింది వలముడి. చిలకమ్మకి వేరే ముడి రాదు. పుట్టింట్లో నడక కంటే ముందు నేర్చుకున్నది అదే. తెలియనివాడు ఎటు లాగినా ఆ ముడి ఇంకా బిగుస్తుంది, కత్తి పెట్టి కోసుకోవాల్సిందే. ఏ పోగు పట్టుకోవాలో తెలిసినవాడికి మాత్రం ఒక్క లాగుతో ఊడి వస్తుంది. నర్సీపట్నంలో అది తెలిసినవాళ్ళు ఇద్దరే, తల్లీ కొడుకూ.

బుధవారం పరదేశి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడేవాడు. మేష్టారు పడక కుర్చీలోంచి తల తిప్పకుండా చెప్పేవారు.

"అన్నీ తప్పులేరా. మళ్ళీ చెయ్యి."

"కాయితాలు ఇస్తే సూసుకుంటానండి."

"ఎక్కడో ఉన్నాయిలే. వాటిలో చూసుకోడానికేముంది?"

ఇలా ఐదు వారాలు గడిచాయి. పరదేశి ముఖంలో కళ పోయింది. కంచం ముందు కూర్చుని అన్నం కెలికేవాడు. మొదట్లో ఒకరోజు, నీళ్ళ మీద పడవ నిలుస్తుందా తిరగబడుతుందా అనే లెక్క వస్తే తల్లిని కూర్చోబెట్టి బొమ్మ గీసి చూపించాడు. "బరువంతా పైనెడితే బోల్తా పడదేట్రా, దానికి బీయస్సీ కావాలా?" అంది చిలకమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ లెక్క కూడా తప్పేనని బుధవారం తెలిశాక మరి నవ్వలేదు.

ఐదో బుధవారం వాడు వచ్చి గోడకి చేరబడితే చిలకమ్మకి ఒళ్ళు మండిపోయింది, వాడి మీదే.

"అంత సదువుకున్న మేష్టారు అబద్ధం ఆడతాడేటి? నీ బుర్రకి ఎక్కట్లేదు, అంతే. ఈ సదువు ఒగ్గీ. సోమారం బస్సుకి మావ కాడికి పో."

గంగులుకి కబురు కూడా ఆవిడే పంపింది.

ఆ ఆదివారం పొట్లాలకి కాగితాలు కొందామని పాతకాగితాల లోవరాజు బండి దగ్గరికి వెళ్ళింది. లోవరాజు పెద్ద గోనె బోర్లించాడు. పాత పేపర్ల మధ్యలోంచి నీలం వలతాడు కనిపించింది. చిలకమ్మ లాగింది. ఒకటి, రెండు, మూడు… ఐదు కట్టలు. ఆవిడకి అక్షరమ్ముక్క రాదు. అవసరం రాలేదు. ముడి మీద వేలు పెట్టి చూసింది. అది తన చేతి ముడి. ఐదు కట్టలకీ వేసిన ముడి వేసినట్టే ఉంది.

"ఇయ్యెక్కడియి లోవరాజూ?"

"కాలేజీ మేష్టారింట్లో నిన్న తూకానికేసేరు."

చిలకమ్మ కట్టలు చంకలో పెట్టుకుని, మేష్టారికి ఆఖరిసారిగా ఇద్దామని కట్టిన పొట్లం ఉన్న బుట్ట నెత్తిన పెట్టుకుని, గదిలో బట్టలు సర్దుకుంటున్న కొడుకుని రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది.

మేష్టారి వరండాలో ఆదివారం బ్యాచి నడుస్తోంది. చాప మీద పదిమంది పిల్లలున్నారు. మేష్టారి భార్య ఎదురొచ్చి అలవాటుగా చెయ్యి చాపింది.

"ఈ వారం ఏం తెచ్చావు చిలకమ్మా?"

"ఇవ్వడానికేటీ నేదమ్మగారూ. అన్నీ కుళ్ళిపోయేయి."

"బుట్ట మీద గుడ్డ కూడా తియ్యలేదు, అన్నీ కుళ్ళాయని ఎలా తెలిసింది?"

"బాబుగారి కాడే నేర్సుకున్నాను. ఆయన కట్ట ఇప్పకుండా అన్నీ తప్పులని సెప్పీలేదేటి?"

మేష్టారు లేచి వచ్చారు. చిలకమ్మ ఐదు కట్టలూ ఆయన కాళ్ళ దగ్గర వరసగా పెట్టింది.

"ఇంట్లో వాళ్ళు పొరపాటున తూకానికి వేసినట్టున్నారు," అన్నారాయన. "నేను చూశాకే లే."

"సూసేరా? మంచిది. మరి మళ్ళీ ముడి ఎవలేసేరు, మీరేనా?" బొడ్లోంచి ఒక తాడు ముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఏదీ, ఇంకొక్కపాలి ఎయ్యండి, సూత్తాను."

చాప మీద ఎవరో కిసుక్కుమన్నారు. మేష్టారి చెవులు ఎర్రబడ్డాయి. "అదంతా నీచు వాసన. పుస్తకాల మధ్య ఎలా పెట్టుకోమంటావు?"

"మీరు తిన్న రొయ్యలకి లేని నీసు మా ఓడి కాయితాలకొచ్చిందేటి బాబూ? ఇప్పరా పరదేశీ."

పరదేశి పోగు పట్టుకుని లాగాడు. కట్ట విచ్చుకుంది.

"ఇప్పుడు సూడండి. ఈ పిల్లల ముందే సూడండి. తప్పయితే తప్పనండి, నాను మీ కాళ్ళు మొక్కి ఎల్లిపోతాను."

తప్పేది లేక మేష్టారు పెన్ను తీశారు. మొదటిది పడవ లెక్కే. చాలాసేపు చూశారు. "రైటే," అన్నారు. రెండోదీ రైటే. మూడోదాని దగ్గర పెన్ను ఆగింది. సెంటీమీటర్లని మీటర్లలోకి మార్చకుండా లెక్క కట్టేశాడు. తక్కిన కట్టల్లోనూ అలాంటి లెక్క వచ్చిన చోటల్లా అదే తప్పు. మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి.

పరదేశి కాగితం వైపే చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "మొదటి వారమే సెప్పుంటే తక్కిన నాలుగు వారాలూ దిద్దుకునేవోణ్ణండి."

మేష్టారు తల ఎత్తలేదు. "రేపట్నుంచి రా. నేనే దగ్గర కూర్చోబెట్టుకుని చెబుతాను," అన్నారు.

"రేపు మా ఓడు బస్సెక్కుతున్నాడు బాబూ," అంది చిలకమ్మ. "పరీక్సకి పది రోజులుందనగా సదువు మానీసి వేటకెల్లిపోతన్నాడు. మీ మాట మీదే."

కాగితాలు ఏరుకుని వీధిలోకి వచ్చేశారు. బజారు దాకా మేష్టారిని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఇప్పుడు నోరు బాగా లేచింది. సముద్రంలో కలిసిపోవాలని, తిన్న రొయ్యలు కడుపులో ముళ్ళయిపోవాలని. పరదేశి కాసేపు విన్నాడు.

"మేష్టారు బస్సెక్కమనలేదు కదమ్మా," అన్నాడు. "మావకి కబురెట్టింది నువ్వే."

చిలకమ్మ నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక నుంచి రిక్షావాడు గంట కొడుతున్నా కదల్లేదు. ఆ పడవ బొమ్మ తన కళ్ళముందే గీశాడు వీడు. అది రైటని తనకి ఆ రోజే తెలుసు. పుట్టినప్పట్నుంచీ పడవలు చూసిన మనిషి, మేష్టారు తప్పన్నాడని ఆ తెలిసింది కాస్తా మింగేసింది.

"ఆడు కట్ట ఇప్పకుండా సెప్పేడు," అంది. "నాను ఆ బొమ్మ కళ్ళారా సూసి కూడా ఆడి మాటే అన్నాను. నానే పెద్ద దొంగనిరా."

పరదేశి బుట్ట తన నెత్తికెత్తుకున్నాడు.

గదికి వెళ్ళగానే వాడి బట్టల మూట విప్పి చొక్కాలన్నీ దండెం మీద వేసింది. గంగులుకి మళ్ళీ కబురు పెట్టడానికి మనిషిని వెతుక్కుంటూ బస్టాండుకి బయల్దేరింది. ఆ పది రోజులూ వాణ్ణి చదువుకోనిచ్చి, సాయంత్రం కొట్లో ఒక్కతే కూర్చుంది.