ప్రతి చెయ్యీ లేవాలి

“గిన్నె నిండా పోశావేమే? తాగి లేచి పొమ్మనా?”

పెళ్ళయిన మర్నాడు అత్తగారన్న మాట అది. టీ ఎప్పుడూ సగం గిన్నే పోయాలి, మళ్ళీ మళ్ళీ పోస్తుండాలి. అదీ మర్యాద. నిండా పోస్తే ఇక దయచెయ్యమని. బురుల్‌కి తెలియక కాదు, కొత్తింట్లో చెయ్యి వణికింది. ఆ తర్వాత ఎన్నడూ వణకలేదు. బాలనేరస్థుల కాలనీలో లెక్కల టీచరుగా ఆమెకిచ్చిన క్వార్టర్లోకే కొన్నాళ్ళకి భర్తా, అత్తగారూ వచ్చి చేరారు. అయినా సమోవార్ పక్కన కూర్చునేది ఆమే, ముందు తాగేది వాళ్ళే.

ఆ పొద్దున భర్త ఎసెన్‌బెక్ సగం గిన్నె అందుకుంటూ, “రేపు తనిఖీ కమిటీ ముందు పాఠం నేను చెప్తాను” అన్నాడు.

“ఆ పాఠం నాది కదండీ?”

“నీదేంటి, నాదేంటి? కూరలో మాంసం ఉడికితే ఎవరు కలిపారని అడుగుతారా? నువ్వు నూనెలో బోర్సోక్ రొట్టెముక్కలు వేయించు. నీ చేతివి తిన్నాక సంతకం పెట్టకుండా ఎవరూ లేవరు.”

అత్తగారు అందుకుంది. “వాడికి బిష్కెక్‌లో ఉద్యోగమొస్తే నీకీ దొంగపిల్లల పీడ విరగడవుతుంది. హాయిగా ఇంట్లో కూర్చుని టీ పోసుకుందువుగాని.”

హాయిగా. బురుల్ ఆ మాటని నోట్లో రాయిలా నములుకుంటూ బడికి నడిచింది. పుస్తకం చూపిస్తే విసిరికొట్టిన పిల్లలు వాళ్ళు. సుద్దముక్క ఆమె నుదుటికేసి కొట్టిన దాయిర్, గుడారాలు కట్టే కుటుంబంవాడని తెలిశాక, తరగతి మొత్తాన్నీ వర్క్‌షాపుకి తీసుకెళ్ళింది. గుండ్రటి కంబళి గుడారం కట్టించింది. దాని పైకప్పు కిరీటంలో వృత్తం చూపించింది, వాసాల్లో భాగహారం చూపించింది. అడిగితే తప్ప నోరు విప్పని పిల్లలు, భోజనాల దగ్గర చెంచాతో బల్లమీద లెక్కలు గీసేదాకా, ఆమెని ‘ఎజే’ అని, అంటే అక్కా అని పిలిచేదాకా వచ్చారు. ఎసెన్‌బెక్ ఆ కాలనీ భద్రతా విభాగం నుంచి చదువు విభాగానికి అధికారిగా మారినవాడు. ఆ వర్క్‌షాపు గడప తొక్కింది ఫోటో కోసమే. ఇప్పుడా పద్ధతి కమిటీకి నచ్చితే దేశంలో అన్ని కాలనీలకీ వెళ్తుంది. దాన్ని నడిపేవాడు రాజధాని బిష్కెక్‌కి వెళ్తాడు. ఆమె అతని వెనక సమోవార్ మోసుకుంటూ వెళ్తుంది. తరగతి మూతపడుతుంది.

మధ్యాహ్నం ఎసెన్‌బెక్ తరగతికొచ్చాడు.

“దాయిర్ మొహంమీద ఆ కత్తిగాటు చూస్తే కమిటీవాళ్ళకి టీ దిగుతుందా? వాణ్ణీ, పచ్చబొట్లవాళ్ళనీ వంటగదికి పంపెయ్. రెండో బ్లాకులోంచి చక్కని మొహాలు తెచ్చి ముందు బెంచీల్లో కూర్చోబెట్టు.”

“వాళ్ళు నిన్నగాక మొన్న వచ్చారు. వాళ్ళకేమీ రాదండీ.”

“రాకపోతే చెయ్యెత్తడం నేర్పు. నేను ప్రశ్న వెయ్యగానే ప్రతి చెయ్యీ లేవాలి. అంతకుమించి నీ బుర్ర వాడకు.”

నేర్పింది. తనిఖీ పాఠాలు చెప్పి ముసలైన ప్రతి టీచరుకీ తెలిసిన కిటుకే. జవాబు వస్తే కుడిచెయ్యి, రాకపోతే ఎడమచెయ్యి. గది నిండా చేతులు లేస్తాయి, టీచరు కుడిచేతుల్నే పిలుస్తుంది, ఏమీ రానివాడి పరువు కూడా నిలబడుతుంది. ఎసెన్‌బెక్ ఏనాడూ టీచరు కాదు. సాయంత్రం అతని చొక్కా ఇస్త్రీ చేస్తూ చెబుదామని నోరు తెరిచింది.

“కాలర్ చూసుకో, కబుర్లు తర్వాత” అన్నాడు.

నోరు మూసుకుంది. ఈసారి హాయిగానే.

మర్నాడు టీ పళ్ళెంతో తరగతి గుమ్మంలో నిలబడింది. కమిటీ పెద్ద బక్తిగుల్, నెరిసిన జుట్టావిడ, వెనక బెంచీలో కూర్చుంది.

“అయిదు మీటర్ల అడ్డమున్న గుడారానికి చుట్టూ కంబళి ఎంత కావాలి?” అన్నాడు ఎసెన్‌బెక్.

ప్రతి చెయ్యీ లేచింది. అతని మొహం వెలిగింది. ముందు బెంచీ మొదటివాణ్ణి పిలిచాడు. వాడు నిలబడి నేల చూశాడు. పక్కవాణ్ణి పిలిచాడు. ఇంకొకణ్ణి. పిలిచినవన్నీ ఎడమచేతులే. అతని మెడమీద, ఆమె ఇస్త్రీ చేసిన కాలర్ తడిసిపోయింది.

“చెయ్యెందుకెత్తావురా మరి?” అని అరిచాడు.

“బురుల్ ఎజే నేర్పింది, సార్.”

బక్తిగుల్ పకపకా నవ్వింది. “నేనూ టీచర్నేనయ్యా. ఎడమచేతుల్ని ఏరి ఏరి పిలిచే మాస్టార్ని ఇవాళే చూశాను. ఎవరమ్మా బురుల్?”

బురుల్ పళ్ళెం బల్లమీద పెట్టింది. ముందు బెంచీలవైపు తిరిగి, “కూర్చోండి నాన్నా, తప్పు మీది కాదు” అంది. వంటగదికి కేకేసింది. దాయిర్ బృందం పిండి చేతులతో వచ్చి గోడవారన నిలబడింది. అదే ప్రశ్న వేసింది. పిండి అంటిన కుడిచేతులు లేచాయి.

“అడ్డానికి మూడింతలు, ఇంకా కొంచెం, ఎజే” అన్నాడు దాయిర్. “పదిహేను మీటర్ల డెబ్బై సెంటీమీటర్లు. ఆ కొంచెం మర్చిపోతే చలికి చస్తాం.”

“ఈ పాఠం ఎవరిది?” అంది బక్తిగుల్.

ఎసెన్‌బెక్ నోరు తెరిచేలోగా కుర్రాళ్ళందరూ ఆమెవైపు చూశారు.

“నాది” అంది బురుల్. “ఇక్కడే ఉండి నడుపుతాను.”

సాయంత్రం ఇంట్లో బురుల్ సమోవార్ పక్కన కూర్చుంది. ఎసెన్‌బెక్ పళ్ళు నూరాడు. “ఒక్కమాట ముందే చెప్తే నీ సొమ్మేం పోయేది?”

“బుర్ర వాడొద్దన్నారుగా. ప్రతి చెయ్యీ లేవాలన్నారు, లేచింది.”

“మొగుడి పరువు తీసి మళ్ళీ నోరా!” అంది అత్తగారు.

ఎసెన్‌బెక్ అలవాటుగా గిన్నె చాచాడు. బురుల్ పోసింది. సగం దాటింది. చెయ్యి ఆగలేదు, వణకనూ లేదు. టీ అంచుదాకా వచ్చి నిలిచింది.

ముందు చూసింది అత్తగారే. “కోడలా… గిన్నె నిండిపోయిందే.”

“తెలుసత్తయ్యా” అంటూ బురుల్ ఆవిడ గిన్నె కూడా అందుకుంది. “మీదీ ఇలా ఇవ్వండి.”