ప్రిన్సిపాల్ గారి కోడి

నేను ఒక కీబోర్డును. ఎక్కడ పుట్టానో నా వీపు మీద రాసి ఉంది. ఎవరూ తిప్పి చూడలేదు. ఫ్యాక్టరీలో ఒక యంత్రం నా స్పేస్‌బార్‌ను లక్షల సార్లు నొక్కి, ఇది విరగదని తేల్చి, పెట్టెలో పెట్టించింది. ఆ యంత్రం ఏ కాలేజీలోనూ పనిచేసినట్టు లేదు.

రాజాంలోని ఒక జూనియర్ కాలేజీ నన్ను కొన్నది. ల్యాబ్ చూసే సింహాద్రి సార్ నాకు ప్లాస్టిక్ తొడుగు తొడిగి, గదికి తాళం వేశారు. కాలేజీ కరపత్రంలో నా ఫొటో వేసి, కింద 'అత్యాధునిక కంప్యూటర్ విద్య' అని అచ్చు వేయించారు. దసరాకు కుంకుమ పెట్టారు. చదువుకునే పిల్లలు తప్ప అందరూ నన్ను ముట్టుకున్నారు.

ప్రాక్టికల్స్ గంటలో మాత్రం తాళం తీసేవారు. అప్పుడే గౌరీశ్వరి నా ముందు కూర్చుంది. ఇంటర్ మొదటి సంవత్సరం. ఇంట్లో కంప్యూటర్ లేదు. కోడింగ్ నేర్చుకోవడానికి ఆమె ఒక గేము మొదలుపెట్టింది: కోడి రోడ్డు మీద నడుస్తుంది, లారీలు ఎదురొస్తాయి, స్పేస్‌బార్ నొక్కితే కోడి ఎగురుతుంది. మొదట ఎగిరిన కోడి తిరిగి రాలేదు. కిందికి దిగడం కూడా నేర్పాలని ఆమెకు అప్పుడు తెలిసింది. నేర్పితే రోడ్డులోకి దిగబడిపోయింది.

"ల్యాబ్‌లో గేములు ఆడకూడదని బోర్డు లేదేటమ్మా?" అన్నారు సింహాద్రి సార్.

"ఆడట్లేదు సార్, చేస్తన్నాను."

"రెండూ ఒకటే కదేటి?" అంటూనే పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

వారానికి ఒక గంట చాలలేదు. రోజూ సాయంత్రం ల్యాబ్ తెరవమని గౌరీశ్వరి ప్రిన్సిపాల్ సన్యాసినాయుడు గారిని అడిగింది. కాలేజీ ప్రదర్శనలో ఆ గేము చూసి చెబుతానన్నారు ఆయన.

సింహాద్రి సార్‌కు బెంగ పట్టుకుంది. "అందరి ముందూ పెద్దాయన కోడి సచ్చిపోతే బాగుంటాదేటి? సావకుండా చెయ్యి."

"సావకపోతే ఆటేటి సార్?"

"నీకు ల్యాబ్ కావాలా, అక్కర్లేదా?"

లారీ తగిలినా కోడి చావకుండా ఆమె ఒక లైను రాసింది. తెలిసి చేసే తప్పును నా మీద టైపు చేయడం అదే మొదలు.

ప్రదర్శన రోజు ప్రిన్సిపాల్ గారు కూర్చుని నొక్కారు. ఆలస్యంగా నొక్కారు. లారీ వచ్చింది, కోడిని దాటి వెళ్లింది. కోడి నడుస్తూనే ఉంది.

"లారీ కోడిలోంచి ఎల్లిపోనాదిరా!" అన్నాడొకడు వెనక నుంచి.

"దెయ్యం కోడిరా బాబూ!"

ప్రిన్సిపాల్ గారు నా మీద నుంచి చెయ్యి తీశారు. అయినా కోడి నడిచింది. "నేను ఆడకపోయినా గెలుస్తున్నాను. దీనికి రోజూ ల్యాబ్ ఎందుకమ్మా?"

సింహాద్రి సార్ సీలింగు ఫ్యాను వైపు చూశారు.

గౌరీశ్వరి నన్ను తన వైపు లాక్కుంది. "ఒక్క నిమిషం సార్. మీరు ఓడిపోకూడదని అలా చేశాను. అసలు ఆట ఇది." లైను చెరిపేసింది.

ఆయన మళ్లీ ఆడారు. మొదటి లారీకే కోడి చచ్చింది. ఎవరూ నవ్వలేదు, మా కాలేజీలో క్రమశిక్షణ ఎక్కువ. "మళ్లీ పెట్టు" అన్నారు. మళ్లీ చచ్చింది. "ఆగమ్మా, ఇప్పుడు కిటుకు తెలిసింది." ముఖ్య అతిథి గేటు దగ్గర దండ కోసం నిలబడి ఉన్నారని కబురొచ్చింది. "వస్తున్నానని చెప్పండి" అన్నారు, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

అప్పటినుంచి ల్యాబ్ రోజూ సాయంత్రం తెరుస్తున్నారు, విద్యార్థుల శ్రేయస్సు కోసం. నా ముందు ప్రిన్సిపాల్ గారు కూర్చుంటారు. పక్క కంప్యూటర్ దగ్గర గౌరీశ్వరి రెండో గేము రాసుకుంటుంది.

లక్షల సార్లకు విరగని నా స్పేస్‌బార్ ఆయన బొటనవేలి కింద విరిగింది. 'విద్యార్థుల అజాగ్రత్త వల్ల' అని కారణం రాసి, నన్ను పక్కనున్న స్టోరు గదిలో విరిగిన బల్లల మీద పడేశారు; నా చోట కొత్త కీబోర్డు పెట్టారు. మధ్యలో ఉన్నది రేకు గోడ. అన్నీ వినిపిస్తాయి.

నిన్న ప్రిన్సిపాల్ గారి గొంతు వినిపించింది. "గౌరీశ్వరీ, ఆ రెండో లారీని కాస్త నెమ్మదిగా రానివ్వకూడదేటమ్మా?"

"కుదరదు సార్. మీరే చూసి ఎగరాలి."

ఆయనకు కోపం వచ్చి ల్యాబ్ మూయిస్తారేమో. ఇక తాళం చప్పుడే అనుకున్నాను.

స్పేస్‌బార్ చప్పుడు వచ్చింది.