వాయిదా వేసిన చెయ్యి

కళ్లద్దాల షాపులో కంప్యూటర్ నత్తతో పందెం వేసుకున్నట్టు నడుస్తోందని యజమాని కబురు పెడితే, మధ్యాహ్నం మూడింటికి మెకానిక్ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. చూడగానే జబ్బు తెలిసిపోయింది. మూడు నెలల అప్‌డేట్లు ఒక్కసారిగా మీద పడి, వాటంతట అవే దిగుతూ, దానికి ఊపిరాడనివ్వడం లేదు.

"ఇన్నాళ్లూ ఎందుకు వాయిదా వేశారండీ?" అంది.

"నేనా? మా వదిన పోయాక మూడు నెలలు షాపే తీయలేదమ్మా. కంప్యూటర్ ఆపడం కూడా మర్చిపోయాను. మళ్లీ సోమవారమే తీశాను."

ఆమె కంప్యూటర్ తనలో రాసుకున్న పాత లెక్క తెరిచి చూసింది. షాపు మూసి ఉన్న ఆ మూడు నెలలూ, రోజూ సాయంత్రం నాలుగూ పదికి అప్‌డేట్ చెయ్యనా అని కంప్యూటర్ అడిగింది. రోజూ ఎవరో 'తర్వాత' అని నొక్కారు. సోమవారం నుంచి మాత్రం ఎవరూ నొక్కలేదు.

"షాపు తాళంచెవి ఇంకెవరి దగ్గరైనా ఉందా?"

"ఒక్కటే ఉంది, నా జేబులో." ఆయన జేబు తడిమి చూసుకున్నాడు. "ఆ వేళకి టీ తాగుతూ వదినే అలా నొక్కేది. 'దీనికి వేళాపాళా లేదయ్యా' అని విసుక్కునేది. ఆవిడ కుర్చీ ఇది. సోమవారం నుంచి నేను కూర్చుంటున్నాను."

మెకానిక్ మెల్లగా లేచి, మిగతా పనంతా నిలబడే చేసింది. పేరుకున్నవి పూర్తయ్యాక కంప్యూటర్ చకచకా కదిలింది.

"చిన్నదొకటి మిగిలిందండీ. ఇకమీదట అడగకుండా చేసేయనా?"

"వద్దమ్మా. అడగనీ."

నాలుగూ పదికి తెరమీద ప్రశ్న వచ్చింది. ఆయన మౌస్ మీంచి చెయ్యి తీసి, కుర్చీకి దారి వదిలి పక్కకు జరిగాడు.