తెరకు అవతలి రేటు

రొయ్యలు ఒలిచే గదికీ, వాటిని పెట్టెల్లో సర్దే గదికీ మధ్య గోడ లేదు. పైనుంచి వేలాడే ప్లాస్టిక్ తెర ఒక్కటే. ఆ తెరకు ఇటువైపు చాలా ఏళ్లుగా ఒలిచే పని చేస్తోంది గోళ్లక్క. కత్తి ముట్టకుండా బొటనవేలి గోటితోనే రొయ్య వీపు చీలుస్తుందని అందరూ ఆ పేరు పెట్టారు. అటువైపు పెట్టెలు సర్దేది ఆమె ఆడపడుచు.

ఆ నెల మొగుడి పడవ ఇంజను పాడై ఒడ్డున పడింది. పడవ కదలకపోతే అతనికి వేటలో వాటా లేదు. ఇల్లు గడిచినా గడవకపోయినా గోళ్లక్క జీతం మీదే. సరిగ్గా అప్పుడే ఆడపడుచు జీతం తీసుకుని నవ్వుతూ వచ్చింది.

"బెల్లు దాటాక చేసిన ఓటీకి ఒకటిన్నర రేటు కట్టారు వదినా."

"నీకంటే ఎక్కువసేపు ఉన్నానే. నాకు మామూలు రేటే ఇచ్చారు."

"మీవైపు నీళ్లెక్కువ కదా. కొట్టుకుపోయుంటుంది."

గోళ్లక్కకు నవ్వు రాలేదు. మర్నాడు పొద్దున్నే గుమాస్తా దగ్గర నిలబడింది.

"చట్టమే అలా ఉందమ్మా," అన్నాడు గుమాస్తా. "పడవ దిగిన సరుకు ఆగదు, కుళ్లిపోతుంది. దాన్ని బాగుచేసే వాళ్లకి ఓటీ రేటు అక్కర్లేదని మినహాయించారు. గడ్డకట్టిన సరుకైతే ఎన్నాళ్లయినా ఉంటుంది. ఆ పని చేసేవాళ్లకి ఇవ్వాలి."

"తొందర పనికి తక్కువా, తీరుబడి పనికి ఎక్కువా?"

"అలా చూస్తే అలాగే ఉంటుంది. అటు ఒకామె మానేసింది. మారతావా మరి?"

గోళ్లక్క అక్కడే మనసులో లెక్క వేసింది. ఇప్పుడు ఉంటున్నంత సేపే ఉంటుంది, రేటు మాత్రం ఒకటిన్నర. ఇంటద్దె పోను ఇంజనుకూ మిగులుతుంది. ఎటు తిప్పి చూసినా నష్టం కనపడలేదు. రబ్బరు ఏప్రాన్ అప్పగించి తెల్లకోటు తొడుక్కుంది.

అటు పని పొడిపొడిగా ఉంది. కాళ్లు నానవు, వేళ్లు మండవు. అదీ లాభం కిందే వేసుకుంది. సాయంత్రం బెల్లు మోగగానే అందరూ కోట్లు విప్పేశారు.

"ఓటీ లేదా?" అంది గోళ్లక్క.

"ఏ ఓటీ వదినా? ఓడకి సరుకు ఎక్కించే హడావుడిలో ఎప్పుడో ఓసారి. మామూలు రోజుల్లో బెల్లు దాటితే ఉండనివ్వరు. ఉంచితే ఒకటిన్నర కట్టాలిగా."

"ఈ ముక్క ముందే చెప్పలేకపోయావా?"

"నువ్వు రేటు గురించే అడిగావు. ఎన్నిసార్లని అడగలేదు."

ఇంతలో తెరకు ఇటువైపు, ఒలిచే గదిలో, రొయ్యల లోడు దిగింది. బల్ల దగ్గర తన పాత చోటు ఖాళీగానే ఉంది. గోళ్లక్క తెర తోసుకుని వచ్చేసరికి మేస్త్రీ అడ్డం నిలబడ్డాడు.

"నువ్వు అటు మనిషివి."

"నిన్నటిదాకా ఇటు మనిషినే. మామూలు రేటే ఇవ్వు, మాట్లాడను."

"నువ్వు మాట్లాడకపోయినా చట్టం ఊరుకోదమ్మా. ఒకే వారంలో రెండువైపులా చేస్తే ఆ వారం ఓటీ మొత్తం పెద్ద రేటుకే కట్టాలి."

"అయితే కట్టండి."

"అందుకేగా రావద్దంటున్నది."

తెర పట్టీలు భుజాన వేలాడుతుండగా గోళ్లక్క అక్కడే నిలబడిపోయింది. ధర తగ్గిస్తే ఏ సరుకైనా అమ్ముడుపోతుంది. తన చేతుల్ని పాత ధరకే ఇస్తానంటే కొనేవాడు వద్దని దణ్ణం పెడుతున్నాడు. లెక్క ఎక్కడ తప్పిందో ఎంతకీ అంతుపట్టలేదు.

ఇంటికెళ్లేసరికి మొగుడు ఇంజను ముక్కలు నేలమీద పరుచుకుని కూర్చున్నాడు.

"ఇంత పెందలాడే వచ్చావేం? పనిలోంచి తీసేశారా?"

"లేదు. పెద్ద రేటులో వేశారు."

"మంచిదేగా."

"మంచిదే. ఆ రేటుకి పని లేదు. పాత రేటుకి రానివ్వరు."

అతను స్పానరు దించాడు. "నాకు బోధపడలేదే."

"నాకు మాత్రం పడిందా? వచ్చే వారం మళ్లీ రబ్బరు ఏప్రాన్ అడుగుతా. అందాకా సాయంత్రాలు ఖాళీ."

"ఖాళీ అయితే ఈ టార్చి పట్టుకో. మెకానిక్కు ఇచ్చే కూలి మిగులుతుంది."

ఆమె పక్కన చతికిలబడి, అతను వేలు పెట్టిన చోట వెలుగు వేసింది.

"దీనికి ఏ రేటు కడతావు?"

"వాటా," అన్నాడు అతను. "పడవ కదిలితే."