కుండనీళ్లు తాగిన నోరు

నేను ఒక థర్మామీటరును. పాదరసం లేని, బ్యాటరీతో కూసే కొత్త రకం. పుట్టినచోట గోరువెచ్చటి నీళ్లలో ముంచి చూసి, అంకె సరిపోయిందని డబ్బాలో పడేశారు. పెట్టినచోట ఎంత వేడి ఉంటే అంతే చెబుతాను. అంతకు మించి నాకేమీ తెలియదు. మనుషులు ఆ సంగతి మరిచిపోతారు.

చెంచయ్య నన్ను నెల్లూరులో, ఆస్పత్రి పక్క మందుల షాపులో కొన్నాడు. ఆయన భార్య వజ్రమ్మకు డెబ్బై దాటాక రక్తానికి క్యాన్సర్ వచ్చింది. త్వరగా ముదిరే రకం. ఈ వయసులో గట్టి మందు ఎక్కిస్తే మందే మనిషిని మింగుతుందని, తేలికపాటి ఇంజెక్షన్లు ఇచ్చి ఇంటికి పంపారు. వాటితో కూడా ఒంట్లో రోగాలను ఆపే కాపలా పోతుందని, జ్వరం వంద దాటితే క్షణం ఆగకుండా తీసుకురావాలని డాక్టరమ్మ చెప్పింది.

చెంచయ్య నన్ను వజ్రమ్మ చేతికిచ్చి ఆటో కోసం వెళ్లాడు. అప్పుడొచ్చిన నర్సు, చల్లటివి తాగిన వెంటనే నోట్లో పెడితే జ్వరం ఉన్నా కనిపించదని, కాసేపు ఆగాలని చెప్పింది. ఆ మాట విన్నది వజ్రమ్మ ఒక్కతే.

అంతకు ముందు రాత్రి పక్క మంచానికి ఒక ముసలామె జ్వరంతోనే వచ్చింది. చుట్టూ తెర లాగారు. తెల్లారేసరికి మంచం కడుగుతున్నారు. ఆటోలో వజ్రమ్మ ఒకే మాట అంది.

"నన్ను ఆ తెర వెనక్కి మాత్రం పంపొద్దయ్యా."

"నోరు మూసుకోని కూర్చో," అన్నాడు చెంచయ్య. భయమేస్తే ఆయన కసురుతాడు.

పొద్దునా సాయంత్రం నన్ను ఆమె నాలుక కింద పెట్టేవాడు. నేను కూసేదాకా ఊపిరి పీల్చేవాడు కాదు. ఒక సాయంత్రం ఆమె నుదురు తాకి ఉలిక్కిపడ్డాడు. నన్ను తేవడానికి లోపలికి పరిగెత్తాడు. ఆయన తిరిగొచ్చేలోపు ఆమె మంచం పక్క కుండలో చెంబు ముంచి, వణుకుతూ నోటినిండా నీళ్లు పట్టి మింగింది. నాలుక కింద చల్లగా ఉంది. తొంభై ఎనిమిది చూపించాను.

"చెయ్యి పెడితే కాలిందే," అన్నాడు.

"పొయ్యి కాడ నుంచి వచ్చినావు, నీ చెయ్యి కాలకుండా ఉంటాదా?"

ఆయన నవ్వాడు. తన చేతిని కాదని నన్ను నమ్మాడు.

తెల్లారేసరికి ఆమె మాట తడబడింది. ఆస్పత్రిలో చంకలో పెట్టి చూస్తే నూట మూడు దాటింది. జ్వరం ఎప్పటినుంచని డాక్టరమ్మ అడిగింది. లేదమ్మా, నిన్న సాయంత్రం కూడా చూశానని చెంచయ్య జేబులోంచి నన్ను తీసి సాక్షిలా చూపించాడు. డాక్టరమ్మ నన్ను చూడలేదు. తెర లాగమంది. ఆయన్ను బయట నిలబెట్టారు.

వజ్రమ్మ కర్మలు అయ్యాయి. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. ఒక మధ్యాహ్నం చెంచయ్యకు చలి పుట్టింది. ఆమె మంచం మీద కూర్చుని, ఆ కుండలోవే నీళ్లు తాగి, నన్ను నోట్లో పెట్టుకున్నాడు. తొంభై ఏడన్నాను. ఆయన మెడ మీద చెయ్యి వేసుకున్నాడు. కాలుతోంది. నన్ను చూశాడు. చేతిలోని చెంబును చూశాడు. నోట్లో చల్లదనం పోయేదాకా ఆగి, మళ్లీ పెట్టుకున్నాడు. ఈసారి నూట రెండని గొంతెత్తి కూశాను.

"ఎంత పని చేశావే," అన్నాడు ఖాళీ మంచంతో. "తెర లోపలికి నేనూ వచ్చుండేవాణ్ణి గదా. తోసుకోని వచ్చుండేవాణ్ణి."

కుండను బోర్లించాడు. నన్ను అటక మీదికి విసిరాడు. బ్యాటరీ ఇంకా చావలేదు. కింద ఆయన దగ్గు వినిపిస్తోంది. ఆ ఒంట్లో వేడి ఎంతో ఇప్పుడు ఎవరూ నన్నడగరు.